ఇంటర్వ్యూ ఎలా జరిగింది?

చదువవలసిన భాగం: రూతు 3:11 నుండి 4:10 వరకు

మన సంఘాల్లో పిల్లలు కాలేజీ చివరి సంవత్సరాలకు వస్తున్నారు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కొందరు డెంటల్ స్కూల్ ఇంటర్వ్యూలకు వెళ్లివస్తారు. అమెరికాలో తొలి ఆఫర్లు సాధారణంగా డిసెంబర్‌లో వస్తాయి. ఇంటర్వ్యూకి ముందు చేయడానికి బోలెడు పని ఉంటుంది. ఆ తర్వాత ఎదురుచూపే మిగులుతుంది. అందుకే ఆ రెండు మూడు నెలలు ఇంటిల్లిపాదికీ బరువుగా గడుస్తాయి. ఈ పాఠం ఆ నెలల కోసం.

1. ఒక్కసారి అడిగిన ప్రశ్న

రూతు కళ్లం నుంచి తెల్లవారకముందే ఇంటికి రాగానే నయోమి అడిగినది మనం అడిగే ప్రశ్నే: ఏమైందమ్మా, ఎలా జరిగింది? రూతు జరిగిందంతా చెప్పింది. బోయజు ఇచ్చిన ఆరు కొలల యవలు చూపించింది. నయోమి విన్నది. "అలా ఎందుకన్నావు, ఇలా అనాల్సింది" అని తప్పు పట్టలేదు. సంగతి తేలేవరకు ఊరకుండమంది.

తల్లిదండ్రులారా, మనం కారులో అడుగుతాం, భోజనాల దగ్గర అడుగుతాం, ఇండియాలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో మళ్లీ చెప్పిస్తాం. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు ఆంటీలు అడుగుతారు. చెప్పిన ప్రతిసారీ తడబడిన ఆ ఒక్క జవాబే పెద్దదవుతుంది. ఒక్కసారి అడగండి, పూర్తిగా వినండి, అక్కడితో ఆపండి.

2. తీర్పు మరో చోట జరుగుతుంది

రూతు సంగతి పురద్వారం దగ్గర పదిమంది పెద్దల ముందు తేలింది. అక్కడ మాట్లాడింది బోయజు.

డెంటల్ స్కూల్లో కూడా ఇంటర్వ్యూ చేసినవారు తమ అభిప్రాయం రాసిస్తారు. తర్వాత కమిటీ ఫైలంతా చూస్తుంది: జీపీఏ, డీఏటీ స్కోరు, డెంటిస్టు దగ్గర పని గమనించిన గంటలు, సిఫారసు ఉత్తరాలు, సేవా పనులు. కొన్ని స్కూళ్లలో ఎంఎంఐ పద్ధతి ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో రూపొందిన ఈ పద్ధతిలో అభ్యర్థి కొద్ది నిమిషాల చొప్పున ఒక్కో చోటికి వెళ్తాడు. ప్రతిచోటా వేరే మనిషి మార్కులు వేస్తారు. ఒక్కరి అభిప్రాయం మీద అంతా ఆధారపడకూడదనే ఈ ఏర్పాటు.

పూర్తయిన పనులకన్నా మధ్యలో ఆగిన పనులే ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో రాశారు. ఫలితం రాని ఇంటర్వ్యూ అలాంటిదే. పదేపదే గుర్తొస్తోందంటే అది చెడ్డగా జరిగిందని అర్థం కాదు, ఇంకా తేలలేదని అర్థం. సగం లాగ్ చూపించి బగ్ ఎక్కడుందో తేల్చమంటే సాఫ్ట్‌వేర్ వాళ్లం ఒప్పుకోం. మన జ్ఞాపకం కూడా సగం లాగే.

3. ఊరకుండడం అంటే

చేతులు ముడుచుకు కూర్చోమని కాదు. స్కూలు వద్దనకపోతే చిన్న థాంక్యూ మెయిల్ ఒకటి పంపండి. తడబడిన ప్రశ్నకు ఇప్పుడు ఏం చెబుతారో ఒకసారి కాగితం మీద రాసుకోండి. తర్వాతి ఇంటర్వ్యూకి అది పనికొస్తుంది. సెమిస్టర్ చదువు వదలకండి. వెయిట్‌లిస్టులో పెట్టారంటే తలుపు మూసినట్టు కాదు. క్లాసులు మొదలయ్యే వేసవి వరకు ఆ జాబితా కదలవచ్చు.

4. సీటు వస్తుందని మాటివ్వకండి

నయోమికి బోయజు గుణం తెలుసు. అందుకే ఆమెకు అంత ధైర్యం. అడ్మిషన్స్ కమిటీ బోయజు కాదు, అది మనకు ఏ మాటా ఇవ్వలేదు. "ప్రభువు నీకు సీటు ఇచ్చేశాడు" అని ఆదివారం తలమీద చెయ్యి పెట్టి చెప్పేస్తాం. అది రాకపోతే ఆ బిడ్డ సీటుతో పాటు ప్రార్థన మీద నమ్మకం కూడా పోగొట్టుకోవచ్చు.

3:13లో బోయజు ఏమన్నాడో చూడండి. దగ్గరి బంధువు విడిపిస్తే మంచిదే, లేకపోతే తానే విడిపిస్తానన్నాడు. ఆ బంధువు మొదట సరేనన్నాడు కూడా (4:4). ఏ జవాబు వచ్చినా రూతు దిక్కులేనిది కాకుండా ముందే ఏర్పాటు జరిగింది.

కొన్ని ఇళ్లలో ఆ ఏర్పాటు తేలిక కాదు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 హోదా ఉండదు. గ్రీన్‌కార్డు లేనివారిని తీసుకోని డెంటల్ స్కూళ్లూ ఉన్నాయి. అక్కడ "వచ్చే ఏడాది చూద్దాం" అన్న మాట వెనుక చాలా లెక్కలుంటాయి. ఆ లెక్కలు పెద్దవాళ్లు ముందే వేసుకోవాలి, లాయరుతో మాట్లాడాలి. ఆ భయమంతా బిడ్డ ఇచ్చిన ఒక జవాబు మీద మోపకూడదు.

ఈ వారం ఇంట్లో మాట్లాడుకోండి

- సీటు రాకపోతే మన తర్వాతి అడుగు ఏమిటో బిడ్డకు స్పష్టంగా చెప్పామా?
- జవాబు వచ్చేలోపు మన చేతిలో ఉన్న పని ఏది, లేనిది ఏది?
- వచ్చే ఆదివారం ఆ బిడ్డను ఇంటర్వ్యూ గురించి కాక ఇంకేమి అడగగలం?