గోముఖ వ్యాఘ్రములు

దుష్టుల కథలు చదివిన బాలురు దుష్టులగుదురని తల్లిదండ్రులు కొందఱు భయపడుచుందురు. ఆ భయము నాకును గలదు. కావున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లెక్కల పుస్తకము మాటున దాచి చదువుచున్న రంగుల బొమ్మల పుస్తకమును నేను లాగికొన్నప్పుడు, దానిని మరల నిచ్చు తలంపు నాకు లేకుండెను. ఐనను చదువకయే యొక పుస్తకమును నిందించుట యుపాధ్యాయునకు తగదని యా రాత్రి దానిని తెఱచితిని. ముగించునప్పటికి తెల్లవాఱవచ్చెను.

మఱునాడు పుస్తకము నిచ్చివేసితిని. అప్పుడా బాలుడు, "మాస్టరుగారూ, మంచివానివలె నటించిన దొంగ నిజముగా మంచివాడగునా?" అని యడిగెను. నేను వెంటనే యుత్తరము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము వానికి నేను పడిన బాకీ.

ఆ పుస్తకము పేరు థండర్‌బోల్ట్స్, అనగా పిడుగులు. అమెరికా దేశమందలి మార్వెల్ సంస్థవారు 1997లో దీనిని మాసపత్రికగా నారంభించి, పిమ్మట సంచికలను సంపుటములుగా గూర్చి ప్రకటించిరి. కథ కర్ట్ బ్యూసిక్ వ్రాయగా బొమ్మలు మార్క్ బాగ్లీ గీసెను.

కథారంభమున న్యూయార్కు నగరము శిథిలమై యున్నది. నగరమును గాపాడుచు వచ్చిన అవెంజర్స్, ఫెంటాస్టిక్ ఫోర్ అను వీరబృందములు గొప్ప యుద్ధమున నంతరించినవని లోకము నమ్మినది. అట్టి దిక్కులేని వేళ నాఱుగురు క్రొత్త వీరులు వచ్చి దోపిడిగాండ్రను తఱిమి, ప్రజలకు రక్షకులైరి. సిటిజన్ వీ, మీటియొరైట్, సాంగ్‌బర్డ్, అట్లాస్, మాక్-వన్, టెక్నో అనునవి వారి పేర్లు. ప్రజలు చేతులెత్తి దీవించిరి. నగరాధికారులు ఫెంటాస్టిక్ ఫోర్ వారి భవనమునే వారికి నివాసముగా నొసంగిరి.

మొదటి సంచిక చివరి పుటలో నాయకుడు ముసుగు తీయును. వాడు బారన్ జీమో యను పరమ దుర్మార్గుడు! తక్కిన యైదుగురును వాని దుష్టకూటమివారే. లోకుల విశ్వాసమును సంపాదించి, రహస్యములను గైకొని, తుదకు లోకమునే చేజిక్కించుకొనవలెనని వారి పన్నుగడ. ప్రచురణకర్త లీ గుట్టును ముందుగా బయటపెట్టక, క్రొత్త వీరుల కథ యనియే ప్రకటించి యుండిరి. చదువరులు సైతము న్యూయార్కు ప్రజలవలెనే మోసపోయిరి.

మారువేషము మనకు క్రొత్త గాదు. రావణుడు సన్న్యాసియై పర్ణశాల ముంగిట నిలిచెను గదా! కాని యా కాషాయము రావణుని మనసున కంటలేదు. పని కాగానే వేషము జాఱిపోయెను. ఈ కథలోని వింత వేఱు. ఇందు వేషము మెల్లమెల్లగా లోనికి దిగును.

సాంగ్‌బర్డ్ అనునది మెలిస్సా గోల్డ్ అను స్త్రీ. పూర్వమామె తన కేకతో నెదుటివారిని బాధించెడిది. ఇప్పుడా కంఠధ్వనియే ఱెక్కలుగను, డాలుగను మాఱి యితరులను గాపాడుచున్నది. మాక్-వన్ అనగా ఏబ్నర్ జెంకిన్స్. యంత్రవిద్యయందు నేర్పరి, ఆ నేర్పుతో నేరములు చేసినవాడు. జీవితమంతయు ఛీత్కారములు పడిన వీరికి పసిబిడ్డల తల్లులు వచ్చి కృతజ్ఞతలు చెప్పుచుండగా మొదట నవ్వు వచ్చెను, పిమ్మట సిగ్గు వచ్చెను. అట్లాస్ మహాబలుడు గాని, ఎవడు ముందు నడచిన వాని వెనుక నడచువాడు. ఇట్టివాడు ప్రతి తరగతిలోను నొకడుండును. యుద్ధమున తల్లిదండ్రులను గోల్పోయిన హాలీ తకహామా యను బాలిక, వీరి నిజమెఱుగక, నిండు నమ్మకముతో వీరిలో చేరును. ఆ నమ్మకము వారికి పోలీసులకంటెను భయంకరమైనది.

జీమో ధరించిన సిటిజన్ వీ యను పేరు 1942 నాటి కథలలోని యొక వీరునిది. ఆ వీరుని జీమో తండ్రి చంపెనని యీ కథలో జెప్పబడినది. చంపినవాని కుమారుడు చచ్చినవాని పేరు ధరించుట యెంత తెగువ! అన్నియు లెక్క వేసిన యీ జీమో యొక్క కృతజ్ఞతను మాత్రము లెక్క వేయలేదు. అనుచరుల మనసులు చలించుచున్నవని గ్రహించి వాడేమి చేసెను? తానే వారి గుట్టును ప్రభుత్వమువారికి దెలియజేసెను. మంచితనమునకు బోవు త్రోవ మూసినచో వీరు తన వెంటనే వత్తురని వాని యూహ.

ఈ పుట చదివి నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. చాల యేండ్ల క్రిందట, నేను వేఱొక యూర పనిచేయునప్పుడు, తరగతిలో నొక కలము పోయెను. అంతకు మునుపొకసారి తప్పు చేసి, మానుకొన్న బాలుడొకడుండెను. అందఱి యెదుట వానినే మొదట నిలువబెట్టితిని. కలము బల్ల క్రింద దొరకెను. ఆ బాలుడు మఱి బడికి రాలేదు. జీమో చేసిన పనికిని నేను చేసినదానికిని భేదమెంతయో నాకిప్పటికిని తెలియదు.

కథలో మాత్రము జీమో యూహ తలక్రిందులయ్యెను. అంతరించిరనుకొన్న వీరులు తిరిగివచ్చిరి. జీమో వారిని యంత్రశక్తిచే దాసులను జేసికొనగా, మెలిస్సా, జెంకిన్స్ మున్నగువారు బహుమానమేమియు రాదని యెఱిగియు జీమోకు ఎదురు తిరిగిరి. టెక్నో జీమోనే నమ్ముకొని యుండెను. మీటియొరైట్ పూర్వము మనోవైద్యురాలు. ఆమె మనసు మాఱి యెదిరించెనో, లాభము చూచుకొని యెదిరించెనో, నాకు రెండవదే తోచినది.

తరువాతి కథ నాకా బాలుడే చెప్పెను. హాకై యను విలుకాడు, తానును మొదట తప్పుదారి నడచి 1965 నాటి కథలో అవెంజర్స్‌లో జేరినవాడు, వీరికి నాయకుడగును. వెనుకటి హత్యకు శిక్ష యనుభవించుటకు మరల చెఱసాలకు బొమ్మని జెంకిన్స్‌ను గోరును. జెంకిన్స్ మెలిస్సాను విడిచి పోవును. "మంచివాడైన తరువాత జైలెందుకు మాస్టరుగారూ?" అని బాలుడు కోపముతో నడిగెను. మంచివాడు గాకున్న వాడు పోయి యుండునా యని నేనంటిని. వాడు తల యూపలేదు, ఆలోచించెదనని చెప్పెను.

ఆ భాగము గల సంపుటము మా వానియొద్ద లేదు. ఎవరియొద్దనైన నున్నచో, లెక్కల వేళ గాక, మధ్యాహ్న విరామమున నాకిచ్చిన చదివి భద్రముగా తిరిగి యిచ్చెదను.