కట్టెలు మోసేవారిని అడగాలి

ఒక ఊరు అనుకుందాం. ఊరి పక్కన గుట్ట ఉంది. గుట్ట మీద చెట్లు తరిగిపోయాయి. చెట్లు పెంచడానికి ఒక సంస్థ వచ్చింది. రచ్చబండ దగ్గర మీటింగు పెట్టారు. మగవాళ్లు కూర్చున్నారు.

"నీలగిరి నాటుదాం. అమ్మితే డబ్బులొస్తాయి. చెట్లు పెరిగేదాకా గుట్ట మీదికి ఎవరూ పోకూడదు" అన్నారు.

సంస్థలో పనిచేసే అక్క లేచింది.

"గుట్ట నుంచి కట్టెలు తెచ్చేది ఎవరు?"

"ఆడవాళ్లు."

"మరి వాళ్లేరీ?"

ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు రాత్రి వంటలయ్యాక ఆడవాళ్లు కూడారు. అక్క ముగ్గుపిండి తెచ్చింది. వాళ్ల చేతనే నేల మీద ఊరి పటం గీయించింది. కట్టెలు, మేత, నీళ్లు ఎక్కడ నుంచి తెస్తున్నారో గుర్తులు పెట్టించింది.

"గుట్ట మూస్తే పొయ్యిలోకి ఏం పెట్టాలి? ఇంకా దూరం నడవాలి. నీలగిరి ఆకు మేక ముట్టదు. తుమ్మ అయితే కట్టెకు, మేతకు పనికొస్తుంది. చింతపండు అమ్ముకోవచ్చు. ఎండుపుల్లలు ఏరుకోనివ్వాలి" అన్నారు. ఆ మాటలన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. ప్లాను మారింది.

ఆ అక్క చేసేది జెండర్ పని. ఆడ, మగ పుట్టుకతో వచ్చిన తేడా. కట్టెల మోపు ఆడవాళ్లది, పెత్తనం మగవాళ్లది అన్నది సంఘం పెట్టిన తేడా. దీన్నే జెండర్ అంటారు. సంఘం పెట్టిన తేడాను సంఘమే మార్చగలదు. ఏ పని ఎవరు చేస్తున్నారు, కూలి ఎవరికెంత, నిర్ణయం ఎవరిది అని అక్క అడుగుతుంది. ఆడవాళ్లకు వీలైన వేళ మీటింగు పెట్టిస్తుంది. వాళ్లే నోరు తెరిచి చెప్పుకునేలా చూస్తుంది.

అడవి విలువ ఆడవాళ్లకు తెలుసు. హిమాలయాల్లో రేణి అనే ఊరుంది. 1974 మార్చి 26న అక్కడ చెట్లు నరకడానికి కంట్రాక్టరు మనుషులు వచ్చారు. మగవాళ్లు ఊళ్లో లేరు. గౌరాదేవి ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లింది. చెట్లకు అడ్డం నిలిచారు. అడవి దక్కింది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. భార్యాభర్తలుంటే అడవి భూమి పట్టా ఇద్దరి పేరా ఇవ్వాలి. అటవీ హక్కుల కమిటీలో మూడింట ఒక వంతు ఆడవాళ్లుండాలి. అంటే 15 మందిలో కనీసం 5గురు.

పేరు ఉంటే చాలదు. మాట కూడా ఉండాలి. తీర్మానం పుస్తకం మీ ముందు పెడితే చదవండి. చదివాకే సంతకం చేయండి.

ఆలోచించండి:
1. మీ ఇంట్లో కట్టెలు, నీళ్లు తెచ్చేది ఎవరు?
2. మీ ఊరి కమిటీల్లో ఆడవాళ్లు ఎందరు? వాళ్లు మాట్లాడుతున్నారా?