ఫైనల్స్‌కు రాని పిల్లలు



ఈ నెల తొమ్మిదో తరగతిలో ‘ఆడిషన్’ అనే మాట దగ్గర కాసేపు ఆగాం. స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో 1973 నుంచి ‘ప్రీ ద లౌసాన్’ అనే బ్యాలే పోటీ జరుగుతోంది. వచ్చేవాళ్లకు 15 నుంచి 18 ఏళ్లు. అంటే మన టెన్త్, ఇంటర్ పిల్లల ఈడే. దుస్తుల మీద నంబరుతో క్లాసులు చేస్తారు. స్టేజీ మీద నాట్యమే కాదు, క్లాసులో సాధన కూడా జడ్జీలు చూస్తారు.

ఫైనల్స్‌కు వెళ్లేది కొద్దిమందే. మిగతావాళ్ల కోసం మరో క్లాసు పెట్టి, బ్యాలే స్కూళ్ల, బృందాల డైరెక్టర్లను చూడమంటారు. కొందరికి సీటో, మొదటి అవకాశమో అక్కడే దొరుకుతుంది.

ఇది వినగానే వెనక బెంచీ అమ్మాయి అడిగింది: “మేడమ్, ఫైనల్స్‌కు రాలేదని తెలిసిన రోజు వాళ్ల అమ్మానాన్నలు ఏమంటారు?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డులు ఇస్తున్నాం. ఆ అమ్మాయి కూడా మీ పక్కనే కూర్చుంటుంది.