ఓనరుకు నోరు కావాలి

మా మొదటి ఫ్లాటుకు డబ్బు కట్టింది నేనే గానీ, కొనిపించింది మాత్రం నా మొహమాటం. హైదరాబాదు శివార్లలో డబుల్ బెడ్‌రూమ్ ఉందని దూరపు చుట్టం ఒకాయన చెప్పాడు. ఆదివారం పొద్దున వెళ్లాం. బిల్డరు కాఫీ తెప్పించి, "తూర్పు ఫేసింగ్ అండీ, నీళ్లకు కరువు లేదు" అన్నాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా అన్న మాట నా నోటి దాకా వచ్చింది. చుట్టం పక్కనే ఉండగా, కాఫీ ఇచ్చిన మనిషిని కాగితం ఎలా అడుగుతామని మింగేశాను. ఆ ఓసీ కోసం తరవాత రెండేళ్లు తిరిగాను.

అద్దెల కోసం ఇల్లు కొనాలనుకునే కుర్రాళ్లు నన్ను "కొల్లూరు బాగుంటుందా, ఆదిభట్ల బాగుంటుందా" అని అడుగుతుంటారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "అద్దె రాకపోతే ఐదో తారీఖు దాటాక ఫోన్ చేసి, గొంతు తగ్గించకుండా, పెంచకుండా అడగగలవా?" చాలామంది నవ్వేసి ఊరుకుంటారు.

ముందు మనల్ని మనమే నిలదీసుకోవాలి. 58 లక్షల ఫ్లాటు, నెలకు 18 వేల అద్దె అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. అంటే ఇంటికయ్యే ఖర్చు 62 లక్షలు దాటింది. ఏడాదికి వచ్చే అద్దె 2,16,000. ఇందులో ఒక నెల ఖాళీగా పోతుంది. ఆస్తి పన్ను, ప్లంబరు, గీజరు కలిపి ఇంకో నెల అద్దెను తినేస్తాయి. మిగిలేది లక్షా ఎనభై వేలు. నూటికి మూడు రూపాయలు కూడా గిట్టలేదన్నమాట. బ్యాంకు డిపాజిట్టే నయం. 40 లక్షలు అప్పు చేస్తే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల ఈఎంఐ దాదాపు 34,700. అద్దె పోగా నెలనెలా పదహారు వేలకు పైగా జీతంలోంచే పోతుంది. ఆ ఉద్యోగం ఆరు నెలలు లేకపోతే?

"ధర పెరుగుతుంది కదండీ" అంటారు. పెరగొచ్చు. కానీ ఏజెంట్లు చెప్పే మెట్రో, రింగు రోడ్డు, కంపెనీలు అన్నీ "వస్తాయి" అనేవే. "వచ్చాయి" అన్న మాట వాళ్ల నోట నేను వినలేదు. వచ్చినవాటిని చూసి కొనండి. ఆ వీధిలో టు-లెట్ బోర్డులు ఎన్ని వేలాడుతున్నాయో సాయంత్రం పూట నడిచి లెక్కపెట్టండి. కింది ఫ్లాటు వాళ్లు ఎంత కడుతున్నారో వాచ్‌మన్‌ని అడిగితే, బ్రోషరులో లేని నిజం తెలుస్తుంది.

కాగితాల దగ్గర మాత్రం మొహమాటం అసలే పనికిరాదు. లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అనుమతి పొందిన ప్లాను, ఓసీ తీసుకుని మీరు ఎంచుకున్న లాయరుకు చూపించండి. బిల్డరు చూపించిన లాయరు వద్దు. కడుతున్న ప్రాజెక్టయితే రెరా నంబరు అడగండి. పక్కన చెరువుంటే, అది నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ హద్దులు చూసుకోండి. 2024లో చెరువుల కబ్జాలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు వచ్చేదాకా ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో తెలియని ఓనర్లు ఎందరో!

ఇక అద్దెకిచ్చేటప్పుడు. మా ఊరబ్బాయే కదా అని మొదటిసారి అగ్రిమెంటు లేకుండానే తాళాలిచ్చేశాను. మూడు నెలలు బాకీ పడ్డాడు. నేను స్కూటరు మీద వెళ్లడం, టీ తాగడం, వాళ్ల నాన్న ఆరోగ్యం అడిగి వచ్చేయడం! నాలుగో నెల మా ఆవిడ ఫోన్ తీసుకుని, "బాబూ, అద్దె ఎప్పుడిస్తావు?" అని మామూలుగానే అడిగింది. మర్నాడే సగం వేశాడు. "బాబాయ్ ఎప్పుడూ అడగలేదు పిన్నీ, మీకు ఇబ్బంది లేదేమో అనుకున్నాను" అన్నాడట. తప్పు అతనిదని నేను ఇప్పటికీ అనలేను.

అప్పటినుంచి ఎవరికిచ్చినా పదకొండు నెలల అగ్రిమెంటే. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కాలానికి రాసుకునే లీజును రిజిస్టర్ చేయించాలి. పదకొండు నెలల అలవాటు అందుకే వచ్చింది. రెండు నెలల అడ్వాన్సు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఎంత కోస్తామో, మెయింటెనెన్సు ఎవరు కడతారో అన్నీ అందులోనే రాసుకుంటాం. తాళాలిచ్చే ముందు గోడలకీ కుళాయిలకీ ఫోటోలు తీసి ఇద్దరం ఉంచుకుంటాం.

నోరుండాలన్నాను కదా అని నోటికొచ్చింది అడగమని కాదు. "మీరేమిట్లు?" అని నన్నూ ఒకప్పుడు గుమ్మంలో నిలబెట్టి అడిగారు. అది జాగ్రత్త కాదు, పొగరు. పనిచేసే చోటు, ఆధార్, పాత ఓనరు ఫోన్ నంబరు అడగండి, చాలు. కుళాయి కారుతోందని ఫోన్ వస్తే ఆ వారంలోనే మనిషిని పంపండి.

పన్ను సంగతి ఒక్క ముక్క: అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద మినహాయింపు ఉంటుంది, మీరు ఖర్చుపెట్టినా పెట్టకపోయినా. అమెరికాలో ఉన్న అబ్బాయి ఓనరైతే అద్దెకున్నవాళ్లే పన్ను కోసి కట్టాలి. ఆ మాట వాళ్లకు ముందే చెప్పండి.

ఈ ఆదివారం మీరూ ఏదో ఫ్లాటు చూడటానికి వెళ్తూ ఉండొచ్చు. కాఫీ ఇస్తే తాగండి. తాగి, ఓసీ అడగండి.