కంటికి పొట్టి, లెక్కకు పొడుగు

ప్రశ్న: తెలుగు సందేశాలున్న పైథాన్ వరుసలు పొట్టిగానే కనిపిస్తున్నా, తనిఖీలో 79 అక్షరాల హద్దు దాటాయని వస్తోంది. ఆ నియమం తీసేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పలగుప్తం

జవాబు: తీసేయకండి. మీ ఊరి పేరే చూడండి: ‘ఉప్పలగుప్తం’ పలికితే అయిదక్షరాలు. యూనికోడ్‌లో పొల్లు, కొమ్ము, సున్నా కూడా విడివిడిగా లెక్కకొచ్చి 11 సంకేతాలు. యూటీఎఫ్-8లోనైతే ఏకంగా 33 బైట్లు! వరుసల పొడవు తనిఖీ చేసే పైకోడ్‌స్టైల్ సంకేతాలను లెక్కపెడుతుంది, కంటికి కనిపించే వెడల్పును కాదు. అంటే తేడా కొలబద్దలో ఉంది, నియమంలో కాదు. ఈ హద్దుకు మూలమైన 1928 నాటి ఐబీఎం 80 గడుల కార్డులు ఇప్పుడెక్కడున్నాయని అడగవచ్చు. నిజమే, లినక్స్ కెర్నల్ తనిఖీ కూడా 2020లో 100కు సడలింది. కానీ పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి సరిచూసేవారికి ఇప్పటికీ పొట్టి వరుసే హాయి. సందేశాలను వేరే ఫైలులోకి మార్చండి, రేపు అనువాదానికీ వీలవుతుంది. కదపలేని వరుస ఒకటీ అరా మిగిలితే, దానికి మాత్రమే మినహాయింపు రాయండి.