సినిమాల్లోకి వెళ్లాలనుకుంటున్నారా? ముందు ఊళ్లో చేసుకోవాల్సిన పనులివి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల యువతకు అవగాహన పాఠం

పాట పాడేవాళ్లు, కథ రాసేవాళ్లు, సెల్‌ఫోన్‌తోనే షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు మన ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లు మొదట అడిగే మాట ఒక్కటే: "హైదరాబాద్ పోతే ఎవరిని కలవాలె సార్?" అది అడగాల్సిందే, కానీ రెండోసారి. కలిసిన రోజు చూపించడానికి మీ చేతిలో ఏముంది? ముందు దీనికి జవాబు కావాలి. ఆ పని ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు.

1. మనకంటే ముందు నడిచినవారు

కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి చేరి హిందీ చిత్రాల్లో కథానాయకుడయ్యారు. ఆయనకు 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి 1962లో 'గులేబకావళి కథ'తో సినీ కవిగా నిలబడ్డారు. ఆ రోజుల్లో ఊరు విడవక తప్పేది కాదు.

ఇప్పుడు అట్లా లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' బృందం తమ ఊరినే, తమ మాటనే వీడియోలుగా తీసింది. వ్యవసాయ పనులు చేసుకునే గంగవ్వ వాటితోనే గుర్తింపు పొంది, 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించారు. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023లో 'బలగం' తీశారు. ఆ ప్రాంతపు పల్లెల్లో, అక్కడి యాసలో తీసిన సినిమా అది. ఒక సంగతి మరవొద్దు: దర్శకుడు కాకముందు వేణు దాదాపు 20 ఏళ్లు చిన్నాపెద్దా వేషాలు వేస్తూ పని నేర్చుకున్నారు.

2. పేరు వేరు, బతుకుదెరువు వేరు

'బలగం' చివర్లో పాడిన బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గొంతు రాష్ట్రమంతా విన్నది. కానీ మొగిలయ్య కిడ్నీల జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటూ, ప్రభుత్వ సాయం, దాతల సాయం మీద ఆధారపడాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. అందరూ మెచ్చుకున్న పాట కూడా ఆస్పత్రి ఖర్చుకు సరిపోకపోవచ్చు. అందుకే ప్రతిభతో పాటు కాగితాలు కూడా సిద్ధం చేసుకోండి.

3. ఎక్కడ నేర్చుకోవాలి?

• ఇంటర్ తర్వాత: హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ, యానిమేషన్ వంటి బీఎఫ్ఏ కోర్సులున్నాయి. ప్రవేశ పరీక్ష రాయాలి.
• డిగ్రీ తర్వాత: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల పీజీ, పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉన్నాయి. డ్రామా స్కూల్‌కు నాటకాల్లో చేసిన అనుభవం కూడా కావాలి.
• ప్రైవేటు సంస్థలో చేరే ముందు రెండే ప్రశ్నలు వేయండి: కోర్సుకు యూనివర్సిటీ గుర్తింపు ఉందా? ఈ-పాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? జవాబు కాగితం మీద ఇవ్వకపోతే ఫీజు కట్టొద్దు.

4. ఎక్కడ చూపించుకోవాలి?

• ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం నుంచి గోండి కార్యక్రమాలు కూడా వస్తాయి. గొంతు, నాటకం ఉన్నవారు ఆడిషన్ల ప్రకటనలు గమనించండి.
• రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు మన పైడి జైరాజ్ పేరే పెట్టారు. భాషా సాంస్కృతిక శాఖ 2016లో అక్కడ 'సినివారం' పేరుతో శనివారాలు కొత్తవారి చిత్రాల ప్రదర్శన మొదలుపెట్టింది.
• రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 2025లో 'బతుకమ్మ యంగ్ ఫిల్మ్ మేకర్స్ ఛాలెంజ్' నిర్వహించింది. 40 ఏళ్లలోపు వారి నుంచి 3 నిమిషాల్లోపు షార్ట్ ఫిల్మ్‌లు, 5 నిమిషాల్లోపు పాటలు ఆహ్వానించింది. మొదటి బహుమతి రూ.3 లక్షలు. ఇలాంటి ప్రకటన వచ్చాక కథ వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. ఒక చిన్న చిత్రం ముందే తీసి ఉంచుకోండి.

5. ఏ కాగితాలు ఉండాలి?

• మీ పాట, కథ మీదే అనడానికి: కాపీరైట్ కార్యాలయంలో రచన నమోదుకు రుసుము రూ.500. హక్కులు ఇచ్చేటప్పుడు రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఎన్నేళ్లకు ఇస్తున్నారో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. 2012 సవరణ ప్రకారం, సినిమాకు ఇచ్చిన పాట థియేటర్ బయట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు వాటా ఉంటుంది.
• జానపదం పాడేవారు ఆ పాటను ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో రాసిపెట్టుకోండి. వీడియో కింద వాళ్ల పేరు వేయండి. రేపు గొడవ వస్తే ఆ రాతే సాక్ష్యం.
• ప్రమాదానికి: ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి రూ.20, రక్షణ రూ.2 లక్షలు. బ్యాంకులోనే తీసుకోవచ్చు.
• జబ్బుకు: అర్హత గల కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి రూ.10 లక్షలు. ఇంటి కార్డులో మీ పేరుందో లేదో ఇవ్వాళే చూసుకోండి.
• సంఘటిత రంగంలో లేని కళాకారులు ఈ-శ్రమ్‌లో ఉచితంగా నమోదు కావచ్చు.

6. మోసపోకండి

వేషం ఇవ్వడానికి డబ్బు అడిగారంటే అది వ్యాపారమే, అవకాశం కాదు. "సెలెక్ట్ అయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అని వాట్సాప్ వస్తే పంపొద్దు. అప్పటికే పంపి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఆడపిల్లలు ఆడిషన్‌కు ఇంటివాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. వద్దన్నచోట ఆగొద్దు. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. చిన్న యూనిట్ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. సాయానికి 181.

తల్లిదండ్రులకు ఒక మాట: పిల్లల కోసం భూమి అమ్మకండి, అప్పు చేయకండి. ఊళ్లో తీసే మొదటి చిత్రానికి ఒక సెల్‌ఫోన్, నలుగురు దోస్తులు, నెల రోజుల రిహార్సల్ చాలు. అది చూశాక ముందుకు పోవాలో వద్దో మీకే తెలుస్తుంది.

ఈ నెల చేయాల్సినవి మూడు: ఒక 3 నిమిషాల చిత్రం లేదా ఒక పాట పూర్తి చేయండి. దాని మీద పనిచేసిన అందరి పేర్లు, తేదీ వేయండి. బీమా, ఆరోగ్యశ్రీ సరిచూసుకోండి. సందేహాలుంటే మీ కలెక్టరేట్‌లోని జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయానికి రండి. ఉట్నూరు ప్రాంత గిరిజన యువత ఐటీడీఏ కార్యాలయంలో కూడా అడగవచ్చు.