విత్తనం మొలుస్తుందా? నాటేముందు చూసుకుందాం

ఈ నెల గోడపత్రికలో సైన్సు శీర్షిక నా వంతు వచ్చింది. మన తోటకి పనికొచ్చే విషయమే రాస్తున్నాను.

స్టోరు రూములో రేకు డబ్బా ఒకటుంది కదా. అందులో బెండ, బీర, చిక్కుడు, తోటకూర, కాకర విత్తనాలు కాగితం పొట్లాల్లో ఉన్నాయి. కొన్ని కిందటేడు మన తోటలోనే కాయలు ముదరనిచ్చి తీసినవి. కొన్ని సెలవులకి వెళ్ళొచ్చిన వాళ్ళు ఊళ్ళ నుంచి తెచ్చినవి. రెండు మూడు పొట్లాల మీద ఏ సంవత్సరమో కూడా రాసి లేదు. వాన పడగానే వీటిని తెచ్చి మళ్ళలో వేసేశామనుకోండి. మొలిస్తే మంచిదే. మొలవకపోతే ఆ సంగతి పది రోజులకి గాని తెలియదు. మళ్ళీ విత్తనం వెతికి వేసేసరికి ఇంకో పది రోజులు. ఈలోగా కలుపు ఎదుగుతుంది, అదను దాటుతుంది. కిందటేడు బెండ మడి అలాగే సగం ఖాళీగా ఉండిపోయింది. ఆ రెండు నెలలూ సాంబారులో ముక్క కోసం గరిటెతో ఎంత గాలించామో అందరికీ గుర్తే.

బతికిన గింజా చచ్చిన గింజా పైకి ఒకేలాగ ఉంటాయి. నీళ్ళలో వేస్తే తేలింది తాలు, మునిగింది మంచిది అని పెద్దవాళ్ళు అంటారు. తాలు ఏరడానికి అది బాగానే పనిచేస్తుంది. కాని లోపల పప్పు నిండుగా ఉండి ప్రాణం పోయిన గింజ కూడా మునుగుతుంది. కాబట్టి కొన్నింటిని మొలిపించి చూడడమే దారి.

పాత నూలు గుడ్డ ఒకటి తీసుకుని వేడినీళ్ళలో ఉడకబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే బూజు పట్టి ఏది విత్తనం తప్పో ఏది గుడ్డ తప్పో తెలియదు. తర్వాత తడిపి గట్టిగా పిండాలి. ముట్టుకుంటే తడి తెలియాలి, చుక్క కారకూడదు. విత్తనానికి నీళ్ళతో బాటు గాలి కూడా కావాలి, నీళ్ళలో మునిగి ఉంటే కుళ్ళిపోతుంది. పొట్లం కలిపి, కళ్ళు మూసుకుని తీసినట్టు 20 గింజలు తియ్యాలి. ఇక్కడే చాలామంది నున్నగా ఉన్నవి ఏరి పెడతారు. అలా పెడితే మంచి మార్కుల కోసం తెలిసిన ప్రశ్నలే అడిగించుకున్నట్టు! గింజకి గింజ తగలకుండా వరసగా పేర్చి, గుడ్డ చుట్టి, పేరూ తేదీ రాసిన చీటీ కట్టి, మూత వదులుగా ఉన్న గిన్నెలో పెట్టాలి. వంటశాల వరండా వెచ్చగా ఉంటుంది, అక్కడ చాలు. పొయ్యి పక్కన వద్దు. మన చింతపల్లి, లంబసింగి వైపు చలికాలంలో ఇదే పరీక్ష చేస్తే మొలక బాగా ఆలస్యం అవుతుంది, అప్పుడు తొందరపడి చచ్చిందనుకోకూడదు.

రోజూ ఒకసారి విప్పి చూడాలి. చిక్కుడు, బీర నాలుగైదు రోజులకే కదులుతాయి. వంగ, మిరప వారం దాటాకనే. రెండు వారాల వరకు ఓపిక పట్టాలి. తెల్లటి ముక్కు బయటకు వచ్చినంత మాత్రాన లెక్కలో వెయ్యకండి. వేరూ మొలకా రెండూ సరిగా సాగితేనే అది మొక్క అవుతుంది. వంకర తిరిగి ఆగిపోయినది, వేరు చివర నల్లబడినది లెక్కకు రావు. కాకర పెంకు గట్టిది, గోరు కత్తెరతో అంచు కొంచెం కొరికి రాత్రంతా నానబెట్టి అప్పుడు గుడ్డలో పెట్టాలి. ఇంకో సంగతి. షాపు ప్యాకెట్లలో గులాబి రంగు పూసిన గింజలకి మందు పట్టించి ఉంటుంది. వాటిని నోట్లో పెట్టకూడదు, ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇప్పుడు లెక్క. 20 గింజల్లో 13 మొలిస్తే నూటికి 65. సర్టిఫై చేసిన విత్తనానికి కనీసం ఎంత మొలకశాతం ఉండాలో ప్రభుత్వ ప్రమాణాలున్నాయి. వరికి 80, కందికి 75, వంగకి, టమాటాకి 70, బెండకి 65, మిరపకి 60. అంటే ప్యాకెట్టు విత్తనం కూడా నూటికి నూరూ మొలవదన్నమాట. ప్యాకెట్టు మీద పరీక్ష తేదీ కూడా ఉంటుంది, అక్కడి నుంచి గడువు మామూలుగా 9 నెలలు. గడువు దాటినా మళ్ళీ పరీక్షలో నెగ్గితే పొడిగిస్తారు. పాతదైనంత మాత్రాన చచ్చినట్టు కాదని ప్రభుత్వం వారు కూడా ఒప్పుకున్నట్టే కదా.

65 శాతం బెండని గుంటకి ఒక్క గింజ చొప్పున వేస్తే నూరు గుంటల్లో 35 ఖాళీ. రెండేసి వేస్తే రెండూ పోయే అవకాశం 0.35 × 0.35, అంటే నూటికి 12 గుంటలే ఖాళీ. మూడేసి వేస్తే నాలుగు. పదో తరగతి అన్నలు సంభావ్యత లెక్కలు ఎందుకు నేర్చుకోవాలని విసుక్కుంటారు గాని, ఇదిగో ఇందుకు. అదే విత్తనం 40 శాతమే అయితే రెండేసి వేసినా 36 గుంటలు ఖాళీయే. నేలలో చీమలు, గట్టి వాన, పైన పేరుకున్న మట్టి పెళ్ళ కూడా కొంత తీసుకుంటాయి. అందుకని గుడ్డలో వచ్చిన దాని కంటే తక్కువే వస్తుందనుకుని వెయ్యాలి. ఇరవై గింజల పరీక్షలో ఒక్క గింజ తేడాకే 5 శాతం మారిపోతుంది. విత్తనం దండిగా ఉన్న తోటకూర, గోంగూరలకి నూరు పెట్టడం మంచిది.

మా గుంపు ఈసారి చూసినవి ఇవి. తోటకూర నూటికి 82. బెండ ఇరవైకి 13. తేదీ లేని బెండ పొట్లం ఇరవైకి 3. దాన్ని పక్కన పెట్టేశాం. మా మామ్మ ఇచ్చిన ఎర్ర గింజ చిక్కుడు ఇరవైకి 5.

ఆ చిక్కుడు గురించి గుంపులో పెద్ద గొడవే అయింది. 25 శాతం విత్తనానికి మడి ఎందుకు దండగ, సంతలో కొనేద్దాం అన్నారు కొందరు. బెండ అయితే నేనూ అదే అందును. సంతలో బెండ దొరుకుతుంది. ఈ చిక్కుడు దొరకదు. మా ఊళ్ళో మూడిళ్ళలో ఉండేది, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. పొట్లంలో ఇంకా 34 గింజలున్నాయి. వాటిని నేలలో వేస్తే ఎక్కడ మొలిచిందో ఎక్కడ పోయిందో తెలియదు, అందుకని అన్నీ గుడ్డలోనే పెట్టాం. ఎనిమిదో తొమ్మిదో రావచ్చు. మొలిచినవాటిని వేరు విరగకుండా అడ్డాకు దొన్నెల్లో మట్టి పోసి పెడుతున్నాం, దొన్నెతో సహా పాదులో దించెయ్యొచ్చు. చిక్కుడు పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది, కాబట్టి పది పాదులున్నా అదే రకం నిలబడుతుంది. బీర, ఆనప అలా కాదు, తేనెటీగలు పక్క రకాలతో కలిపేస్తాయి.

మరి అంత మంచి విత్తనం ఎందుకు చచ్చింది? చెమ్మ. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందని, నిలవ చేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతేనని విత్తన శాస్త్రంలో ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. మన ఇళ్ళల్లో జొన్న కంకులు పొయ్యి మీద అటకకి కట్టేది, గింజలు బూడిదలో కలిపి ఎండిన ఆనప బుర్రలో పోసేది అందుకే. బూడిద చెమ్మ పీలుస్తుంది, పొగకి పురుగు రాదు. అటక మరీ కిందికి ఉంటే మాత్రం వేడికి చెడుతుంది. అమెరికాలోని మిషిగన్‌లో 1879లో బీల్ అనే ఆయన 20 సీసాల్లో ఇసుకా విత్తనాలూ కలిపి పూడ్చాడు. 2021లో ఒక సీసా తవ్వి చూస్తే, 142 ఏళ్ళ తర్వాత కూడా ఒక రకం కలుపు మొక్క మొలిచింది! ఉల్లి విత్తనం మాత్రం రెండేళ్ళు నిలవడం కష్టం. కలుపుకి ఉన్న ఆయుష్షు కూరకి లేదు, ఏం చేస్తాం.

వార్డెను గారికి ఒక మనవి. మన రేకు డబ్బా నీళ్ళ డ్రమ్ము పక్కన ఉంది. దాన్ని పప్పుల అరలోకి మార్పించండి. మూత బిగిసే సీసాలు నాలుగు, వేయించి చల్లార్చిన బియ్యం రెండు గుప్పిళ్ళు ఇప్పిస్తే, ఆ బియ్యం మూట కట్టి సీసా అడుగున పెట్టి పైన పొట్లాలు పెడతాం. బియ్యం చెమ్మ లాగేస్తాయి.

బీర, కాకర గుడ్డలు మళ్ళీ శుక్రవారం విప్పుతాం. చూడాలనుకునేవాళ్ళు సాయంత్రం స్టడీ బెల్లు కొట్టేముందు వంటశాల వరండాకి రండి. చేతులు కడుక్కుని రండి.

— 9వ తరగతి, తోట గుంపు